వడకట్టిన కాఫీ, దిగిన కాఫీ

ఫిల్టరు కాఫీ తాతల నాటి ఆచారమని మా ఊళ్లో చాలామంది నమ్మకం. తెనాలిలో కాఫీ గింజల కొట్టు పెట్టింది మా తాతయ్యే. ఆయన ఇంట్లో మాత్రం ఫిల్టరు లేదు. ఇత్తడి తప్పేలా, పాత పంచె చించిన గుడ్డ, పట్టకారు, ఇవే నాయనమ్మ కాఫీ సరంజామా. ఫిల్టరు అనే వస్తువు మా ఇంటికి వచ్చింది మా అమ్మ సారెతో. అమ్మది నెల్లూరు. ఆ ఊరి చూపంతా మద్రాసు వైపే కాబట్టి, అక్కడివాళ్లకు కొన్ని అలవాట్లు మాకంటే ముందే అబ్బాయి.

ఆ ఫిల్టరు దిగిన దగ్గర్నుంచి మా వంటింట్లో రెండు కాఫీలు నడిచాయి. నాయనమ్మది వడకట్టిన కాఫీ, అమ్మది దిగిన కాఫీ. ఏది గొప్పదో వాళ్లిద్దరూ చివరిదాకా తేల్చుకోలేదు. యాభై ఏళ్లుగా ఈ పొడి అమ్ముతున్నవాడిగా నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. ఫిల్టరు మన ఇళ్లలో గెలిచిందంటే దానికి రుచి ఒక్కటే కారణమని నేననుకోను. అది ఎలా గెలిచిందో చెప్పాలంటే ముందు గుడ్డ సంగతి చెప్పాలి.

నాయనమ్మ పద్ధతి ఇది. నీళ్లు తెర్లగానే పొడి వేసేది. ఒక్క పొంగు రానిచ్చి దింపేసి మూత పెట్టేది. కాసేపాగి చేత్తో నాలుగు చన్నీళ్ల చుక్కలు చిలకరిస్తే పైన తేలిన పొడి అడుక్కి దిగేది. అప్పుడు గుడ్డలో వడకట్టి, చివర్లో పిండేది. గుడ్డ విషయంలో ఆవిడకు నియమాలున్నాయి. కొత్త గుడ్డ పనికిరాదు, గంజి వాసన. బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె ముక్కే కావాలి. దాన్ని ముందు పిప్పి వేసిన నీళ్లలో ఉడకబెట్టాలి. సబ్బు, కుంకుడుకాయ తగలకూడదు. పని అయ్యాక జాడించి నీడన ఆరేయాలి. వానాకాలంలో అది ఆరక పులిసిన వాసన వచ్చేది. ఆ వాసన కాఫీలోకి వచ్చిందంటే తాతయ్య గ్లాసు పక్కన పెట్టేసి మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. మర్నాడు కొత్త ముక్క.

కాఫీ మనకు ఎప్పటినుంచి? చిక్కమగళూరు కొండల్లో బాబా బుడన్ కథ అందరికీ తెలిసిందే. 17వ శతాబ్దంలో హజ్ యాత్రకు వెళ్లిన ఆ సూఫీ సాధువు యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి నాటాడని చెబుతారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. అయితే ఆ గింజ మన పొయ్యి దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 19వ శతాబ్దంలో దొరలు మైసూరు, కొడగు, వయనాడు, నీలగిరి కొండల్లో పెద్ద ఎత్తున తోటలు వేశారు. ఆ పంట వాళ్లు లండను మార్కెట్టు కోసం వేసుకున్నదే. మన పక్కనే పండినా మన నోటికి అందింది తక్కువ. 1869లో సింహళంలో బయటపడ్డ ఆకు తుప్పు తెగులు అక్కడి కాఫీ తోటల్ని తుడిచిపెట్టింది, మన తోటల్నీ వదల్లేదు. సింహళంలో కాఫీ పీకి తేయాకు వేశారు. ఇక్కడ తెగులుకు తట్టుకునే రోబస్టా మొక్క 20వ శతాబ్దం మొదట్లో వచ్చి నిలిచింది. అరబికాతో పోలిస్తే దీన్లో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదు ఎక్కువ, ధర తక్కువ. మధ్యతరగతి గ్లాసులోకి కాఫీ రావడానికి ఈ మూడో గుణం బాగా ఉపకరించింది.

మా వైపు కాఫీ రైలెక్కి వచ్చింది. 1899 నాటికి మద్రాసు నుంచి బెజవాడ దాకా రైలు పట్టాలు కలిశాయి. తెనాలి ఆ దారిలోనే ఉంది. రైలు వెంట స్టేషన్లలో ఫలహారశాలలు, స్టేషన్ల బయట కాఫీ హోటళ్లు వచ్చాయి. ఊళ్లో కోర్టులు, బళ్లు, తాలూకా కచేరీలు. ప్లీడర్లు, గుమాస్తాలు, మేష్టర్లు మద్రాసులో చదువుకుంటూ నేర్చిన అలవాటును ఇంటికి తెచ్చారు. అంతవరకూ మన పొద్దుటి ఆహారం చద్దన్నం, మజ్జిగ, ఊరగాయ. కాఫీ వచ్చి ఆ చద్దన్నాన్ని తోసేసిందని పెద్దవాళ్లు గొణుక్కునేవాళ్లు. గాంధీగారు కూడా ఆరోగ్యం మీద రాసినప్పుడు టీ, కాఫీ, కోకో ఒంటికి అక్కర్లేదన్నారు. ఆయన మాట విని ఖద్దరు కట్టినవాళ్లు మా కొట్టు ఖాతాలో చాలామందే ఉండేవారు. వాళ్లు కాఫీ మాత్రం మానలేదు.

తాతయ్య పచ్చి గింజలే ఎక్కువ అమ్మేవాడు. వేయించిన పొడి కొట్టులో కొనడమంటే అప్పటి గృహిణికి అనుమానం, అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసునని. ఇనుప మూకుడులో గింజలు పోసి, సన్న సెగ మీద అట్లకాడతో ఆపకుండా తిప్పాలి. ముందు పచ్చి గడ్డి వాసన, తర్వాత రొట్టె కాల్చినట్టు వాసన, ఆ తర్వాత గింజలు చిటపటలాడతాయి. ఆ చిటపట ఆగి, గింజ మీద నూనె మెరుపు కనపడకముందే దింపెయ్యాలి. నూనె పైకి వచ్చిందంటే చేదు ఖాయం. కిలో పచ్చి గింజ వేయిస్తే ఎనిమిది వందల నుంచి ఎనిమిది వందల యాభై గ్రాములు మిగులుతుంది. తక్కినది తేమ, ఆవిరి. ఈ తరుగు లెక్క తెలియని కొత్త కోడళ్లు కొట్టువాడు తూకంలో మోసం చేశాడనేవారట. తూకమంటే అప్పుడు పలాలు, శేర్లు, వీశెలు. కిలోలు 1960 చుట్టుపక్కల వచ్చాయి. వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్లు ముసలమ్మలు పలాల్లోనే అడిగేవారు.

వేయించిన గింజను కాఫీ మరలో పట్టేవారు. చెక్క పీటకో బల్ల అంచుకో బిగించే ఇనుప మర, పైన గరాటు, పక్కన తిప్పే పిడి. ఆ పని పిల్లలది. రెండు పూటలకు సరిపడా పడితే చెయ్యి లాగేది. గుడ్డలో వడకట్టే ఇంట్లో మర మరలు బాగా బిగించి పొడి నున్నగా పట్టించేవారు, గుడ్డ ఎంత సన్న పొడినైనా ఆపుతుంది గనుక. ఫిల్టరుకు అంత నున్నన పనికిరాదు. సన్న పొడి చిల్లుల్లోకి దిగి కూచుని దారి మూసేస్తుంది. అలాగని మరీ బరకగా ఉంటే నీళ్లు ఆగకుండా జారిపోయి డికాషన్ పల్చగా వస్తుంది. మా కొట్లో పొడి పట్టే ముందు ఫిల్టరుకా గుడ్డకా అని అడగడం తాతయ్య కాలం నుంచీ ఉంది.

నాయనమ్మ చేసిన పని ప్రపంచంలో అందరూ చేసిన పనే. యెమెన్‌లో, తుర్కీలో కాఫీ అంటే పొడి నీళ్లలో కాచడమే. తుర్కీవాళ్లు వడకట్టరు, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగి పైది తాగుతారు. ఫ్రాన్సులో 18వ శతాబ్దం మొదట్లో పొడిని గుడ్డ సంచిలో కట్టి వేడినీళ్లలో నానబెట్టడం మొదలైంది. ఇంకో తొంభై ఏళ్లకు, సుమారు 1800లో, పారిస్ ఆర్చిబిషప్ ద బెలోయ్ పేరుతో ఒక కొత్త పాత్ర వాడుకలోకి వచ్చింది. పై గిన్నె అడుగున చిల్లులు. అందులో పొడి, పొడి మీద వేడినీళ్లు, కింద గిన్నెలోకి చుక్కచుక్కగా కాఫీ. మన ఫిల్టరుకు పూర్వీకుడు ఇదే. తిండి గురించి 1825లో పుస్తకం రాసిన బ్రియా-సావరాఁ అనే ఫ్రెంచి న్యాయాధికారి, కాఫీ కాచే రకరకాల పద్ధతులు చేసి చూసి, చివరికి ఈ పాత్రనే ఎంచుకున్నాడు.

ఆ పాత్రకు శాస్త్రం చెప్పినవాడు కౌంట్ రమ్‌ఫర్డ్. పుట్టింది అమెరికాలో, కొలువు చేసింది బవేరియాలో. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి, వేడి అనేది పదార్థం కాదు, చలనమని వాదించిన భౌతిక శాస్త్రవేత్త ఆయనే. 1812లో కాఫీ గొప్పతనం మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. కాఫీని మరిగిస్తే సువాసన ఆవిరితో పోతుందని, గదంతా ఘుమఘుమలాడిందంటే గ్లాసులో అంత తగ్గినట్టేనని ఆయన లెక్క. పొడిని సమంగా పరచాలి, నొక్కాలి, నీళ్లు పోసేటప్పుడు అది చెదరకూడదు. అందుకని చిల్లుల బిళ్ళ ఒకటి పొడి మీద పెట్టించాడు. మన ఫిల్టరులో నిలువు కాడతో ఉండే బిళ్ళ చేసే పని అదే. చాలామంది ఇప్పుడు ఆ బిళ్ళను డ్రాయరులో పారేసి, డికాషన్ పల్చగా వస్తోందని మా కొట్టుకొచ్చి పొడి మీద నెపం వేస్తారు. బిళ్ళ లేకపోతే పోసిన నీళ్లు ఒక చోట గుంట చేసుకుని అటునుంచే దిగిపోతాయి. తక్కిన పొడి తడుస్తుందే గాని సారం ఇవ్వదు.

రమ్‌ఫర్డ్ పేరు వినకుండానే మా అమ్మ ఇదంతా తెలుసుకుంది. పొడి వేసి, పక్కన రెండు దెబ్బలు తట్టి సమం చేసి, బిళ్ళతో మెల్లగా అదిమేది. గట్టిగా అదిమితే దిగదు. తెర్లిన నీళ్లు దింపి, బుడగలు ఆగాక పోసేది. మొదట కొంచెం పోసి పొడి తడిసి పొంగేదాకా ఆగి, తర్వాత నిండా పోసేది. మూత పెట్టి వదిలేస్తే పదిహేను, ఇరవై నిమిషాల్లో తొలి డికాషన్ దిగుతుంది. ఒక్కోసారి ఎంతకీ దిగదు. పై గిన్నె కింద గిన్నెలో మరీ బిగుసుకుంటే లోపలి గాలి బయటికి పోయే దారుండదు, గాలి పోనిదే చుక్క దిగదు. పై గిన్నెను ఒక్క వెంట్రుకవాసి లేపితే చాలు, మళ్లీ మొదలవుతుంది. నాయనమ్మకు ఇదంతా తమాషాగా ఉండేది.

“నీ గిన్నెలో కాఫీ దిగేసరికి మీ మావగారు కొట్టు తీసి, కట్టేసి, అన్నానికి వస్తారే,” అనేది.

“రాత్రే పోసి పెట్టుకోవాలి అత్తయ్యా. పొద్దున మనం లేచేసరికి దాని పని అది చేసుకుని ఉంటుంది,” అనేది అమ్మ.

నా వాదనంతా అమ్మ అన్న ఆ మాటలోనే ఉంది. గుడ్డ కాఫీకి మనిషి నిలబడాలి. నీళ్లు తెర్లడం చూడాలి, పొంగు పట్టుకోవాలి, తేర్చాలి, వడకట్టాలి, పిండాలి. పదిమంది ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు, ఎక్కువగా తలచెడిన మేనత్తో, కొత్త కోడలో, తెల్లవారుజామున లేచి ఆ పని చేస్తారు. ఒక్కసారి కాస్తే పదిమందికీ సరిపోతుంది. ఫిల్టరులో నాలుగు గ్లాసులకు మించి రాదు. ఉమ్మడి కుటుంబంలో ఫిల్టరు పెట్టుకున్నవాడు పొద్దుటంతా దాని ముందే కూచోవాలి. కొడుకులు ఉద్యోగాలకని బెజవాడకో హైదరాబాదుకో వెళ్లి, భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో రెండు గదుల్లో ఉన్నప్పుడు లెక్క తిరగబడింది. నాలుగు గ్లాసులే కావాలి. ఎనిమిదింటికి బస్సు. నిలబడే మేనత్త లేదు. రాత్రి పోసి పొద్దున పాలు కాచుకుంటే చాలు. మా ఖాతా పుస్తకాల్లో చూస్తే, ఊళ్లోనే ఉన్న పాత ఇళ్లు గుడ్డ పొడి కొంటుండగా, వేరు కాపరం పెట్టిన వాళ్ల పిల్లలు సెలవులకొచ్చి ఫిల్టరు పొడి పట్టించుకు వెళ్లేవారు.

మడి కూడా ఫిల్టరు వైపే మొగ్గింది. మా పక్క వీధి అగ్రహారంలో ఇది నేను కళ్లారా చూసిన సంగతి. నూలు గుడ్డకు మైల తొందరగా అంటుతుంది. నిన్న ఆరేసిన గుడ్డను బడికెళ్లొచ్చిన పిల్లవాడు ముట్టుకుంటే అది మడికి పనికిరాదు, మళ్లీ తడపాలి. ఇత్తడికి ఆ బాధ లేదు. చింతపండు, బూడిద పెట్టి తోమితే శుద్ధి. దీనికితోడు పూజకు ముందు మంచినీళ్లు కూడా ముట్టని ఇళ్లలో కాఫీకి మాత్రం ఎలాగో మినహాయింపు దొరికింది. అది ఏ శాస్త్రంలో ఉందో అడిగితే మా పంతులుగారు నవ్వి గ్లాసు ముందుకు జరిపేవారు.

కాఫీ అందర్నీ ఒకచోట కూర్చోబెట్టిందని రాస్తుంటారు. నాకు తెలిసినంతలో అది ఇంట్లో మనుషుల్ని బాగానే వరసలో నిలబెట్టింది. తొలి డికాషన్ ఇంటి పెద్దకు, వచ్చిన అల్లుడికి. రెండోసారి నీళ్లు పోసి దించినది ఆడవాళ్లకు, పిల్లలకు. ఆ పిప్పినే మళ్లీ కాచి బెల్లం వేసింది పనిమనిషికి, అదీ పెరట్లో చూరుకింద విడిగా పెట్టిన గ్లాసులో. హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది, బయట ఆ మేరకు బోర్డు. మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు మీద ఉన్న అలాంటి బోర్డు తీసేయాలని 1957లో పెరియార్ మనుషులు రోజుల తరబడి ఆందోళన చేసి అరెస్టయ్యారు. మా జిల్లా పల్లెల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే హోటళ్లు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. గుడ్డ కాఫీలో ఇంట్లోవాళ్లకైనా తొలి, మలి తేడా ఉండేది కాదు. ఒకే తప్పేలా, ఒకే వడపోత. ఈ ఒక్క విషయంలో నేను నాయనమ్మ పక్షం.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాఫీ పరిస్థితి మారింది. అంతకుముందు 1930లలో ధరలు పడిపోయి తోటలవాళ్లు కుదేలైతే, 1935లో కాఫీ సెస్సు చట్టం తెచ్చి, మన దేశంలోనే కాఫీ తాగించే ప్రచారం మొదలెట్టారు. 1936లో బొంబాయి చర్చిగేటు దగ్గర మొదటి ఇండియా కాఫీ హౌస్ అలా పుట్టింది. యుద్ధంతో యూరపు మార్కెట్టు మూతపడ్డాక, 1942 చట్టంతో కాఫీ బోర్డు వచ్చింది. పండిన ప్రతి గింజా బోర్డుకు అప్పజెప్పాలి, బోర్డు వేలం వేస్తుంది. ఈ పద్ధతి యాభై ఏళ్లకు పైగా సాగింది. 1992లో కొంత వాటా రైతు సొంతంగా అమ్ముకోనిచ్చారు, 1996కు పూర్తిగా వదిలేశారు. ఆ యాభై ఏళ్లూ మా నాన్న వేలంలో పాడుకున్న పెద్ద వర్తకుల దగ్గర బస్తా బస్తా తెచ్చుకునేవాడు. పీబెర్రీ రకం కావాలంటే ప్లాంటేషను రకం గింజ ఉందనేవారు, అది అడిగితే రోబస్టా ఉందనేవారు. ఆయన రుచి కుదుర్చుకోవడం నేర్చింది ఆ కొరతలోనే.

కొరత తెచ్చిన ఇంకో మనిషి చికోరీ. ఇదొక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి కొడతారు. మనకు ఎక్కువగా గుజరాత్ నుంచి వస్తుంది. 1806లో నెపోలియన్ ఇంగ్లండు సరుకు రాకుండా ఖండమంతా దిగ్బంధం చేసినప్పుడు ఫ్రెంచివాళ్లు కాఫీకి కరువొచ్చి దీన్ని బాగా మరిగారు. కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, ఒక రకం తియ్యటి చేదు ఇస్తుంది. ఫిల్టరు విస్తరించేకొద్దీ చికోరీ కూడా విస్తరించింది. కారణం ఉంది. గుడ్డను పిండి సారం రాబట్టొచ్చు, ఫిల్టరును పిండలేం. తక్కువ పొడితో నల్లగా, జిగురుగా డికాషన్ దిగాలంటే చికోరీ తోడు కావాలి. కొంచెం కలిపితే నీళ్లు పొడిలో ఎక్కువసేపు నిలిచి సారం తెస్తాయి. మోతాదు మించితే అదే బంకలా పట్టి ఫిల్టరు బిగిసిపోతుంది. చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత చికోరీ ఉందో పొట్లం మీద వేయాలి. 1994లో బ్రెజిల్లో మంచు పడి తోటలు మాడి, లోకమంతా ధర పెరిగిన ఏడాది, ఎనభై ఇరవై కొనేవాళ్లు అరవై నలభైకి దిగారు. ధర తగ్గాక చాలామంది తిరిగి రాలేదు. నాలుక దానికే అలవాటు పడింది.

ఇత్తడి ఫిల్టరుకు ఒక జబ్బుండేది. లోపల కళాయి వేయించాలి. కళాయివాడు వీధి మొగలో బొగ్గుల కుంపటి పెట్టి, తోలు తిత్తి ఊది, నవాసాగరం చల్లి, తగరం రుద్దేవాడు. తగరం కరిగి చిల్లులన్నీ మూసుకుపోయేవి. ఫిల్టరు ఇచ్చినప్పుడల్లా “అడుగున వద్దు నాయనా” అని అమ్మ చెప్పడం, వాడు మర్చిపోవడం, తర్వాత ఆవిడ సూదితో ఒక్కో చిల్లూ పొడుచుకోవడం. 1970లు వచ్చేసరికి స్టీలు సామానువాళ్లు వీధుల్లో తిరిగారు. పాత ప్యాంట్లు, జరీ చీరలు ఇస్తే గిన్నెలు. ఎన్నో ఇళ్లలోకి స్టీలు ఫిల్టరు ఇలా పాత బట్టలకు మారకంగానే వచ్చింది. స్టీలుకు కళాయి అక్కర్లేదు. చిల్లులు మూసుకుపోతే పై గిన్నెను బోర్లించి స్టవ్ మంట మీద కాసేపు కాలిస్తే ఇరుక్కున్న పొడి మాడి రాలిపోతుంది. గుడ్డ ఇంటి నుంచి పూర్తిగా పోయింది ఆ పదేళ్లలోనే. మా ఇంట్లో కూడా నాయనమ్మ పోయాక ఎవరూ పంచె చించలేదు.

రుచి సంగతి చెప్పమంటారా? గుడ్డలో దిగింది తేటగా ఉంటుంది. నూలు పోగులు సన్న పొడిని, నూనెను చాలావరకు పట్టేస్తాయి. నోట్లో బరువు తక్కువ, కాచడం వల్ల చేదు కొంచెం ఎక్కువ. ఫిల్టరు లోహపు చిల్లులు నూనెను వదిలేస్తాయి, అందుకే ఆ డికాషన్ పాలల్లో కలిసినప్పుడు నున్నగా చుట్టుకుంటుంది. నార్వేలోని ట్రోమ్సో పట్నంలో పరిశోధకులు 1983లో కాఫీ తాగేవాళ్ల రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువుందని ప్రకటించారు. అక్కడివాళ్లు వడకట్టకుండా కాచి తాగేవాళ్లు. దోషం కాఫీ నూనెలోని కెఫెస్టాల్ అనే పదార్థానిదని, సన్న కాగితం వడపోత దాన్ని ఆపుతుందని తర్వాత తేలింది. ఆ కాగితం వడపోతను 1908లో పేటెంటు చేసింది జర్మనీ డ్రెస్డెన్ గృహిణి మెలిట్టా బెంట్జ్. ఆవిడకూ మడ్డి, చేదు లేని కాఫీయే కావాలి. మా అమ్మకు షుగరు చూసే డాక్టరు కాఫీ తగ్గించమన్నప్పుడు, ఆవిడ గ్లాసు తగ్గించింది, డికాషన్ కాదు.

1960ల నుంచి ఇన్‌స్టంట్ డబ్బాలు రెండు పద్ధతుల్నీ పక్కకు నెట్టాయి. చెంచా పొడి, వేడి పాలు, అంతే. నిలబడక్కర్లేదు, రాత్రి పోయక్కర్లేదు. మనిషిని పొయ్యి దగ్గర్నుంచి తప్పించే పని ఫిల్టరు సగం చేస్తే ఇది పూర్తిచేసింది. తమాషా ఏమిటంటే, మాకు పక్కనే పసుపు యార్డుకు పేరుపడ్డ దుగ్గిరాలలో 1990ల నడుమ పెద్ద ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ వెలిసింది. అక్కడి సరుకు ఓడలెక్కి విదేశాలకు పోతుంది. గాలి ఇటు తిరిగినప్పుడు వేపుడు వాసన పొలాల మీదుగా వస్తుంది. మా దుకాణదారులకు దాని మీద కోపం ఉండాలి గాని, వేపుడు బాగుందని నేను ఒప్పుకుంటాను.

ఇప్పుడు కుర్రాళ్లు అరకు గింజ అడుగుతున్నారు. మన్యంలో కాఫీ కొత్తదేం కాదు. పాత తూర్పు గోదావరి జిల్లా పాములేరు లోయలో బ్రోడీ అనే ఆంగ్లేయుడు 1898లోనే వేశాడు. 1960ల్లో అటవీశాఖ విస్తరించింది, తర్వాత గిరిజన రైతులు మిరియాల పాదులతో కలిపి నీడ కింద పెంచుతున్నారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజను లేతగా వేయించి, పాలు లేకుండా, కాగితంలో వడకట్టుకు తాగుతామంటారు. చికోరీ పేరెత్తితే నా వైపు జాలిగా చూస్తారు. అమెరికా నుంచి వచ్చిన ఒక అమ్మాయి జపాన్‌లో కాఫీ గదుల్లో మందపాటి నూలు గుడ్డలో కాఫీ దించుతారని, ఆ గుడ్డను సబ్బు తగలకుండా నీళ్లలో ఉంచి దాస్తారని చెప్పి, అలాంటిది దొరుకుతుందా అని అడిగింది. పాత పంచె తెచ్చుకోమన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుంది.

గుడ్డకు పొడి పట్టించేవాళ్లు ఇప్పుడు పెళ్లివంటలవాళ్లే. అయిదు వందల మందికి ఫిల్టరుతో ఏ వంటవాడూ కాఫీ ఇవ్వలేడు. గుండిగ మూతికి పంచె కట్టి, మధ్యలో పల్లం చేసి, పొడి పోసి, బకెట్లతో మరిగే నీళ్లు కుమ్మరిస్తారు. ఇద్దరు చెరో కొస పట్టి పిండుతారు. మాఘమాసం వచ్చిందంటే మా మరలు ఆ నున్నటి పొడి కోసం మళ్లీ బిగిస్తాను. సగానికి సగం చికోరీ కలపమని, అయినా నల్లగా కనబడితే చాలని, పెళ్లివారికి తెలియదని వాళ్లు బతిమాలుతారు. నలభై దాటి నేను కలపను. కావాలంటే విడిగా కట్టిస్తాను, వాళ్లే కలుపుకోవచ్చు.